బగ్ అంటే పురుగొక్కటేనా? ఒకే పదానికి ఆరు అర్థాలు

అప్‌డేట్ చేశాక కెమెరా ఓపెన్ కాకపోతే మనందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "ఇదేదో బగ్ రా!" నాకూ ఆ పదానికి అదొక్కటే అర్థం తెలుసు. అందుకే ఒకసారి పరువు పోయింది.

రివ్యూలు రాయడం మొదలుపెట్టిన కొత్తలో ఒక యాప్ డెవలపర్‌తో మెయిల్స్ నడిచేవి. ఒక రోజు ఆయన "ఐ కాట్ ఎ బగ్, రెండు రోజుల తర్వాత మాట్లాడదాం" అని రాశారు. నేను వెంటనే "వెర్షన్ నంబర్, స్క్రీన్‌షాట్ పంపండి, నేనూ చెక్ చేస్తా" అని కొట్టేశా. తీరా చూస్తే ఆయన జ్వరంతో మంచం మీద ఉన్నారు! ఎలా ఉన్నారని అడగాల్సిన మనిషిని స్క్రీన్‌షాట్ అడిగాను.

మీకు అలా కాకూడదని ఈ చిన్న పాఠం.

1. పురుగు: మామూలు ఇంగ్లీషులో ఏ చిన్న పురుగైనా బగ్గే. శాస్త్రవేత్తలకు మాత్రం హెమిప్టెరా క్రమానికి చెందినవే అసలు బగ్స్. సూది లాంటి నోటితో రక్తమో రసమో పీల్చే నల్లి, పేనుబంక అలాంటివే.

2. జబ్బు: స్టమక్ బగ్ అంటే కడుపులో ఇన్ఫెక్షన్.

3. లోపం: 1947 సెప్టెంబర్ 9న హార్వర్డ్ మార్క్ 2 కంప్యూటర్ రిలేలో ఒక చిమ్మట ఇరుక్కుంది. ఆపరేటర్లు దాన్ని తీసి లాగ్‌బుక్‌లో టేపుతో అంటించారు. గ్రేస్ హాపర్ ఈ కథ చెప్పడంతో బాగా పాపులర్ అయింది. కానీ పదం పుట్టింది అక్కడ కాదు. 1878లోనే ఎడిసన్ తన పరికరాల్లోని లోపాలను బగ్స్ అని ఉత్తరంలో రాశాడు. ఇంకో తమాషా ఏంటంటే, శాస్త్రం లెక్కలో చిమ్మట అసలు బగ్గే కాదు!

4. దొంగ మైక్: "ది రూమ్ ఈజ్ బగ్డ్" అంటే గదిలో ఎవరో రహస్యంగా మైక్ పెట్టారని.

5. విసిగించడం: "డోంట్ బగ్ మీ" అంటే నన్ను సతాయించకు.

6. పిచ్చి: ట్రావెల్ బగ్ పట్టిందంటే తిరుగుడు పిచ్చి పట్టిందని. మనకున్నది గ్యాడ్జెట్ బగ్ అన్నమాట.

మరి ఏ అర్థమో ఎలా తెలుస్తుంది? పక్కనున్న మాటలు చూడండి. ఫిక్స్, రిపోర్ట్, వెర్షన్ ఉంటే లోపం. ఫోన్, రూమ్ బగ్ చేశారంటే మైక్. మనిషిని బగ్ చేస్తుంటే సతాయింపు. "కాట్ ఎ బగ్" మాత్రం జాగ్రత్త! టెస్టర్ అంటే లోపం దొరికిందని, సెలవు అడిగేవాళ్లు అంటే ఒంట్లో బాగోలేదని. నాకు వచ్చిన మెయిల్‌లో "రెండు రోజుల తర్వాత" అన్న ముక్క చదివుంటే సరిపోయేది.

ఇప్పుడు నేను అలాంటి మెయిల్ వస్తే ముందు "మీరు బాగానే ఉన్నారా?" అని అడుగుతా. స్క్రీన్‌షాట్ సంగతి తర్వాత.