రక్తాన్ని పసిగట్టే బాక్టీరియా

మా నాన్నగారు పార్సిప్పనీలో మా ఇంటికి వచ్చినప్పుడు బాగా నీరసపడ్డారు. గుండె కోసం రోజూ వేసుకునే ఆస్పిరిన్ వల్ల కడుపులో కొద్దికొద్దిగా రక్తం కారుతోందని ఎండోస్కోపీ చేస్తేగానీ తేలలేదు. "గొట్టం బదులు ఓ మాత్ర మింగితే తెలిసిపోయే ఉపాయం లేదట్రా?" అన్నారాయన.

అలాంటి ప్రయత్నం ఒకటి జరిగింది. 2018లో ఎం.ఐ.టి. పరిశోధకులు దాన్ని 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అదెలా పనిచేస్తుందో చూద్దాం.

రక్తానికి ఎరుపునిచ్చేది హీమ్ అనే అణువు. దాని మధ్యలో ఇనుము ఉంటుంది. బాక్టీరియాలకు హీమ్ ఉపయోగమే కానీ, ఎక్కువైతే విషం. అందుకే పాలను పులియబెట్టే లాక్టోకాకస్ లాక్టిస్ అనే బాక్టీరియా ఒక కాపలాదారును పెట్టుకుంది. అదే హెచ్.ఆర్.టి.ఆర్. అనే ప్రోటీను. హీమ్ లేనంతసేపూ ఇది డి.ఎన్.ఎ.ని పట్టుకుని కూర్చుని, హీమ్‌ని బయటికి తోసే పంపు జన్యువులని పనిచెయ్యనివ్వదు. హీమ్ వచ్చి అతుక్కోగానే పట్టు వదిలేస్తుంది, పంపు తయారవుతుంది. మా ప్రోగ్రామర్ల భాషలో ఇదొక 'ఇఫ్' స్టేట్‌మెంట్.

షరతుని అలాగే ఉంచి, కింద జరిగే పనిని మార్చడమే ఇక్కడి కిటుకు. పంపు జన్యువుల స్థానంలో, వెలుగునిచ్చే మరో బాక్టీరియా జన్యువుల్ని పెట్టారు. మొత్తాన్ని ప్రోబయోటిక్‌గా వాడే ఒక ఈ-కోలై రకంలోకి ఎక్కించారు.

కానీ కాపీ, పేస్ట్ చేసినంత మాత్రాన పని జరగలేదు. ఈ-కోలై పైపొర హీమ్‌ని లోపలికి రానివ్వదు. ఇన్‌పుట్ అందకపోతే ఎంత మంచి కోడ్ అయినా ఏం చేస్తుంది? అందుకని హీమ్‌ని లోపలికి తెచ్చే చూ-ఎ అనే మరో ప్రోటీనుని చేర్చారు. హీమ్ లేకపోయినా కాస్త వెలుగు వస్తుంటే, ఏ ప్రోటీను ఎంత తయారవాలో సర్ది దాన్నీ తగ్గించారు.

ఈ బాక్టీరియాని సుమారు ఒకటిన్నర అంగుళాల క్యాప్సూల్లో, సన్నని పొర వెనక ఉంచారు. చెన్నైలో పుట్టిన అనంత చంద్రకాసన్ బృందం ఇందులోని ఎలక్ట్రానిక్స్ పని చూసింది. సుమారు 13 మైక్రోవాట్లతోనే చిప్ ఆ వెలుగుని కొలిచి, వైర్‌లెస్‌గా బయటికి పంపుతుంది. పందుల కడుపులో రక్తం ఉందో లేదో ఇది సరిగ్గా చెప్పగలిగింది.

పందుల మీద నెగ్గిన ప్రయోగం వేరు, డాక్టరు రాసిచ్చే మాత్ర వేరు. కాబట్టి నల్లటి విరేచనం, కారణం తెలియని నీరసం ఉంటే వెంటనే డాక్టరుకి చూపించుకోండి. ఇదంతా చెప్తే నాన్నగారు తన మజ్జిగ గ్లాసు కేసి చూసి, "పాలు పులియబెట్టే పురుగుకి ఇంత తెలివా!" అన్నారు.