చలికాలపు తెల్లవారుజామున పాలక్యాన్లతో మోటారు సైకిలు ప్రయాణం

ధనుర్మాసం వచ్చేసరికి గేదెల పాలదిగుబడి పెరుగుతుంది, పొద్దు ఆలస్యంగా పొడుస్తుంది. సంఘ కేంద్రంలో పాలు పోయవలసిన వేళ మాత్రం మారదు. అందుచేత ఈ రోజులలో సభ్యులు ఎక్కువ బరువుతో, తక్కువ వెలుతురులో, కొంకర్లు పోయిన వేళ్లతో బండి నడపవలసి వస్తున్నది. ఈ మూడింటికి తొందర కూడా తోడైనప్పుడే ప్రమాదం ఎక్కువ.

ముందుగా చలి సంగతి. గాలిలో 10 డిగ్రీల వేడిమి ఉన్న ఉదయం గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, ఎదురుగాలి వల్ల ఒంటికి 6 డిగ్రీల చలి వలె తగులుతుంది. మొదట దెబ్బ తినేది చేతివేళ్లు. బ్రేకు, క్లచ్ పట్టవలసినవి కూడా అవే. ఆ వేగంలో బండి సెకనుకు 11 మీటర్లు పోతుంది. మొద్దుబారిన వేళ్లు బ్రేకు పట్టడానికి అర సెకను ఆలస్యం చేస్తే చాలు, బండి మరో అయిదున్నర మీటర్లు ముందుకు పోయినట్లే. కాబట్టి చేతితొడుగులు సోకు కోసం కాదని గ్రహించవలెను. ఉన్ని తొడుగు మీద గాలి చొరని తొడుగు వేస్తే మరీ మంచిది. వేళ్లు తిమ్మిరెక్కితే బండి ఆపి చేతులు రుద్దుకోండి.

మంకీ క్యాపు మీద హెల్మెట్ సరిగా కూర్చోదు. పల్చని గుడ్డ చుట్టుకుని, ఐ.ఎస్.ఐ. గుర్తు గల హెల్మెట్ పెట్టుకుని, పట్టీ బిగించవలెను. శాలువా, మఫ్లరు కొసలు వేలాడనీయకండి. చక్రంలో చిక్కుకుంటే మెడకే ముప్పు. చలి పోవడానికని ఒక గ్లాసు పుచ్చుకునే వారూ లేకపోలేదు. అది చర్మానికి వెచ్చదనం చూపించి ఒంటిలోని వేడిని బయటికి పంపుతుంది, చూపును కూడా మోసం చేస్తుంది.

ఇక బరువు. 40 లీటర్ల పాలు సుమారు 41 కిలోలు తూగుతాయి. క్యాన్ల బరువు అదనం. రెండు పక్కలా సమంగా కట్టిన బండి తిన్నగా పోతుంది. హ్యాండిలుకు క్యాను తగిలించడం మాత్రం ఎంత దగ్గర దారికైనా తగదు. సగం నిండిన క్యానులో పాలు ఊగి, మలుపులో బండిని పక్కకు లాగుతాయి. రాత్రి 20 డిగ్రీల వేడిమి తగ్గితే టైరులో గాలి సుమారు 3 పౌండ్లు పడిపోతుంది. బయలుదేరే ముందే చూసుకోవలెను. పశువుల కొట్టం తలుపు మూసి లోపల ఇంజను వేడి చేయరాదు. ఆ పొగ ప్రాణాంతకం.

మన ఊళ్ల దారులలో అసలు గండం మరొకటున్నది. ఖరీఫు కోతల తరువాత రోడ్డు మీద వడ్లు ఆరబోసి, రాత్రికి టార్పాలిను కప్పి, చుట్టూ రాళ్లు పేర్చుతారు. పొగమంచులో ఆ రాళ్లు దగ్గరికి పోయేదాకా కనపడవు. వెనుక దీపం లేని ట్రాక్టరు ట్రాలీలూ అంతే. ఆ రాళ్లు పెట్టేదీ మనలోని రైతులే కనుక, ఈ మాట సంఘ సమావేశంలో అనుకోవడం అవసరం. పొగమంచులో హెడ్‌లైటు డిప్‌లో ఉంచండి. పై వెలుగు మంచుకు తగిలి మన కళ్లలోనే పడుతుంది. ఇరవై మీటర్లకు మించి కనపడకపోతే వేగం గంటకు 20 కిలోమీటర్లు దాటరాదు. మంచుకు తడిసిన గడ్డి, పేడ మీద ముందు బ్రేకు ఒక్కసారిగా పట్టరాదు.

పాలు పాడవుతాయనే కదా ఈ పరుగు! అప్పుడే పితికిన పాలలో సూక్ష్మజీవులను కొంతసేపు అడ్డుకునే గుణం సహజంగానే ఉంటుంది. పైగా చలిలో అవి నెమ్మదిగా పెరుగుతాయి. శుభ్రంగా పితికి, శుభ్రమైన క్యానులో పోసిన పాలు పది పదిహేను నిమిషాల ఆలస్యానికి పులియవు. పొగమంచు దట్టంగా ఉన్న రోజున కార్యదర్శులు వ్యాను వేళను బట్టి మరికొంతసేపు పాలు తీసుకుంటామని ముందురోజు సాయంత్రమే సభ్యులకు చెప్పగలిగితే సగం పరుగు తగ్గుతుంది. క్యాన్ల వెనుక వైపు ఎర్ర రిఫ్లెక్టరు పట్టీ అంటించడానికి అయ్యే ఖర్చు స్వల్పం; క్యాను కడిగినప్పుడల్లా దానిపై పాలజిడ్డు కూడా తుడవవలెను.