ఎనిమిదో నెల బిడ్డ బతకదా?

బిడ్డ నెలలు నిండకుండా పుట్టిందని చెప్పగానే, వార్డు బయట కూర్చున్న పెద్దవాళ్లు మమ్మల్ని ముందుగా అడిగేది బరువు గురించి కాదు. "ఎన్నో నెల సిస్టరమ్మా?" అని అడుగుతారు. ఏడో నెల అంటే కాస్త తెరిపిన పడతారు. ఎనిమిదో నెల అంటే మొహాలు వాడిపోతాయి. ఏడో నెల బిడ్డ బతుకుతుందట, ఎనిమిదో నెల బిడ్డ దక్కదట. ఈ మాట మన ఊళ్లలోనే కాదు, రెండు వేల ఏళ్లు దాటిన గ్రీకు వైద్య గ్రంథాల్లోనూ ఉంది. ఎంత పాతదైనా అది నిజం కాదు.

కడుపులో గడిచే ప్రతి వారమూ బిడ్డకు లాభమే. 28 వారాలకు పుట్టిన బిడ్డ కంటే 32 వారాల బిడ్డకు, 32 వారాల బిడ్డ కంటే 35 వారాల బిడ్డకు బతికే అవకాశం ఎక్కువ. మధ్యలో చెడ్డ నెల అంటూ ఒకటి లేదు. ఈ నమ్మకం ఊరికే మాటగా ఉండిపోతే మాకూ పేచీ లేదు. కానీ ఎలాగూ దక్కదు అనుకున్న బిడ్డకు పాలు పిండి పట్టాలన్నా, రాత్రంతా మేలుకోవాలన్నా ఇంటివాళ్లకు మనసు రాదు. కొందరు డాక్టరు వద్దంటున్నా సంతకం పెట్టి ఇంటికి తీసుకుపోతారు. అందుకే ఈ నెల పాఠంగా ఈ విషయం తీసుకున్నాం.

చివరి బహిష్టు మొదటి రోజు నుంచి లెక్కవేసి, 37 వారాలు నిండకముందే పుట్టిన బిడ్డను నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచం మొత్తం మీద ఇలాంటి బిడ్డలు సుమారు 1 కోటి 34 లక్షల మంది పుట్టారని అంచనా. అంటే ప్రతి పది మందిలో ఒకరు. అందులో సుమారు 30 లక్షల మంది మన దేశంలోనే పుట్టారు. ఏ దేశంలోనూ ఇంతమంది లేరు.

ఊపిరితిత్తులకు ఒక ఇంజక్షన్

మన ఊపిరితిత్తుల్లో సన్నని బుడగల్లాంటి గాలి తిత్తులు ఉంటాయి. అవి గాలి వదిలినప్పుడు అతుక్కుపోకుండా లోపల సబ్బు నురగలాంటి జారుడు పదార్థం ఒకటి ఉంటుంది. దాన్ని సర్‌ఫాక్టెంట్ అంటారు. తొందరగా పుట్టిన బిడ్డలో అది చాలినంత తయారై ఉండదు. ప్రతి ఊపిరికీ అతుక్కుపోయిన బుడగను మళ్లీ మొదటి నుంచి ఊదినట్టు కష్టపడాలి. డొక్కలు ఎగరేస్తూ, మూలుగుతూ, కొన్ని గంటల్లో బిడ్డ అలసిపోతుంది. ఈ కారణాన్ని 1959లో అమెరికాలో డాక్టర్ మేరీ ఎలెన్ ఏవరీ కనిపెట్టారు. కానీ అప్పటికి మందు లేదు. 1963లో అమెరికా అధ్యక్షుడు కెనడీ కొడుకు పాట్రిక్ ఐదున్నర వారాలు ముందుగా, 2 కిలోలకు పైగా బరువుతో పుట్టి, ఈ జబ్బుతోనే రెండు రోజులు నిండకుండా చనిపోయాడు. ఈ రోజున అలాంటి బిడ్డను కాపాడటం ఒక మోస్తరు ఆసుపత్రికి కూడా పెద్ద విషయం కాదు.

దారి చూపింది గొర్రెపిల్లలు. న్యూజిలాండ్‌లోని ఆక్లండ్‌లో డాక్టర్ లిగ్గిన్స్ కాన్పు ఎలా మొదలవుతుందో తెలుసుకోవడానికి గొర్రెల మీద పరిశోధన చేస్తున్నారు. బతకకూడనంత ముందుగా పుట్టిన ఒక పిల్ల ఊపిరి పీలుస్తూ ఉండటం చూసి ఆశ్చర్యపోయారు. దానికి స్టెరాయిడ్ మందు ఇచ్చి ఉన్నారు. ఆ తరువాత ఆయన, డాక్టర్ హౌవీ కలిసి 282 మంది గర్భిణీ స్త్రీలతో పరీక్షించి 1972లో ఫలితాలు ప్రచురించారు. కాన్పుకు ముందు తల్లికి ఇంజక్షన్ ఇస్తే బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా పక్వానికి వస్తాయని తేలింది. ఇంత చవకైన మందును అందరూ వాడాలని అమెరికాలో నిపుణులు గట్టిగా చెప్పడానికి 1994 దాకా పట్టింది. ఆ ఇరవై రెండేళ్లలో ఎందరు బిడ్డలు పోయి ఉంటారో ఆలోచిస్తే మనసు కలుక్కుమంటుంది.

అయితే మంచి మందు కదా అని చూడకుండా వాడేది కాదిది. 2015లో మన దేశంతో కలిపి ఆరు దేశాల్లో, పల్లెల్లోని చిన్న కేంద్రాల్లో కూడా దీన్ని విరివిగా ఇచ్చి చూశారు. మేలు కనిపించలేదు సరికదా, శిశు మరణాలు, తల్లులకు ఇన్‌ఫెక్షన్లు కొంత పెరిగాయి. నెలలు సరిగా లెక్క తెలియక, అవసరం లేని చాలామందికి కూడా ఇంజక్షన్ పడటం అక్కడ జరిగింది. 2020లో వచ్చిన ఇంకో పరిశోధనలో మన దేశంతో సహా ఐదు దేశాల్లోని పెద్ద ఆసుపత్రుల్లో, స్కాన్‌తో వారాలు ఖాయం చేసుకుని 2,852 మంది తల్లులను చేర్చారు. మందు ఇవ్వని వారి బిడ్డల్లో నూటికి 23 మందికి పైగా, ఇచ్చిన వారి బిడ్డల్లో సుమారు 20 మంది నెల లోపల చనిపోయారు. అంటే ఇంజక్షన్ ఒక్కటే చాలదు. వారాల లెక్క తెలియాలి, పుట్టిన బిడ్డను చూసుకునే చోటు ఉండాలి.

కనుక గర్భిణీ స్త్రీలు మొదటి మూడు నెలల్లో తీసిన స్కాన్ కాగితం పారేయవద్దు. పుట్టింటికి వెళ్లేటప్పుడు చీరల కంటే ముందు అది సంచిలో పెట్టుకోండి. నెలలు నిండకముందే ఉమ్మనీరు పోయినా, నడుము నొప్పి వచ్చి పోతూ ఉన్నా, ఎర్ర కనిపించినా తెల్లవారే దాకా ఆగకండి. డెక్సామెథసోన్ ఇంజక్షన్ 12 గంటలకు ఒకటి చొప్పున నాలుగు ఇవ్వాలి. పని చేయడానికి దానికి సమయం కావాలి.

తల్లి ఎదే వార్మర్

1978లో కొలంబియా దేశపు బొగోటా నగరంలో ఒక ప్రసూతి ఆసుపత్రిలో అద్దాల పెట్టెలు చాలక ఒక్కో దాంట్లో ఇద్దరు ముగ్గురు బిడ్డలను పడుకోబెట్టవలసి వచ్చేది. ఒకరి ఇన్‌ఫెక్షన్ ఇంకొకరికి అంటేది. అప్పుడు డాక్టర్ ఎడ్గార్ రేయ్ బిడ్డను తల్లి ఎద మీదే, చర్మానికి చర్మం తగిలేలా కట్టి ఉంచే పద్ధతి మొదలుపెట్టారు. కంగారూ తన పిల్లను సంచిలో మోసినట్టు ఉంటుంది కనుక కంగారూ పద్ధతి అని పేరు వచ్చింది.

ఇది చాలామందికి తెలిసిందే. కానీ చాలా ఏళ్లు అందరి ఆలోచన ఏమిటంటే, బిడ్డ ముందు పెట్టెలో ఉండి కుదుటపడాలి, ఆ తరువాతే తల్లికి ఇవ్వాలి. ఆ కుదుటపడే రోజుల్లోనే ఎక్కువమంది చనిపోయేవారు. ఈ ఆలోచన సరైనదా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐదు ఆసుపత్రుల్లో పరీక్షించింది. నాలుగు ఆఫ్రికాలోవి, ఒకటి మన ఢిల్లీలోని సఫ్దర్‌జంగ్ ఆసుపత్రి. 1 కిలో నుంచి 1.8 కిలోల లోపు బరువుతో పుట్టిన 3,211 మంది బిడ్డలను రెండు గుంపులు చేశారు. ఒక గుంపులో పుట్టిన వెంటనే బిడ్డను ఎదకు కట్టారు. తల్లి మంచాన్నే శిశువుల ఐ.సి.యు.లోకి తెచ్చి వేశారు. ఆక్సిజన్, మందులు అన్నీ తల్లి ఎద మీద ఉండగానే ఇచ్చారు. రోజుకు సుమారు 17 గంటలు బిడ్డ అలా ఉంది. రెండో గుంపులో పాత పద్ధతే.

పాత పద్ధతిలో నూటికి సుమారు 16 మంది బిడ్డలు 28 రోజుల లోపల చనిపోతే, వెంటనే ఎదకు కట్టిన వారిలో 12 మంది చనిపోయారు. ఇన్‌ఫెక్షన్లు, ఒళ్లు చల్లబడటం కూడా తగ్గాయి. తేడా ఇంత స్పష్టంగా కనిపిస్తుంటే సగం మందికి దాన్ని ఇవ్వకుండా ఉంచడం న్యాయం కాదని 2020 జనవరిలో పరీక్షను అనుకున్న దానికంటే ముందే ఆపేశారు. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన సలహా మార్చి, పుట్టిన వెంటనే మొదలుపెట్టమని, రోజుకు 8 నుంచి 24 గంటలు చేయమని చెప్పింది.

దీన్ని బట్టి మా మనసులో ఉన్న మాట చెబుతాం. నెలలు నిండని బిడ్డ దగ్గరకు తల్లిని చూడవచ్చిన చుట్టంలా గంటసేపు పంపే పద్ధతి ఏ ఆసుపత్రిలోనైనా పోవాలి. తల్లికి ఒక మంచం, వాలి కూర్చునే కుర్చీ, దగ్గర్లో బాత్‌రూమ్, వేళకు భోజనం కావాలి. ఇవి ఖరీదైన యంత్రాలు కావు.

ఇంటివాళ్ల వైపు నుంచి వచ్చే అడ్డంకి వేరు. "పచ్చి బాలింత, ఆమెనేం కూర్చోబెడతారు?" అంటారు. నిజమే, ఆపరేషన్ అయిన తల్లికి మొదటి రోజు కష్టం. అప్పుడు తండ్రి చేయవచ్చు, అమ్మమ్మ గానీ నాయనమ్మ గానీ చేయవచ్చు. మగవాడు బిడ్డను రొమ్ముకు కట్టుకుని కూర్చోవడం నామోషీ అనుకునే వాళ్లను చూస్తూనే ఉన్నాం. ఒక పూట కూర్చున్నాక మళ్లీ బిడ్డను ఇవ్వమంటే ఇవ్వని తండ్రులనూ చూశాం.

బిడ్డకు టోపీ, మేజోళ్లు, లంగోటా మాత్రం ఉంచి, నిలువుగా ఎదల మధ్య ఉంచాలి. కాళ్లు కప్పలాగా విడిగా, తల ఒక పక్కకు తిరిగి, మెడ వంగకుండా ఉండాలి. మెత్తని నూలు గుడ్డతో కట్టి, పైన రవిక గానీ చొక్కా గానీ వేసుకోవాలి. మూలిగినా, పెదవులు నీలిరంగుకు తిరిగినా, పాలు తాగడం మానేసినా వెంటనే సిస్టరుకు చెప్పాలి. ఇంట్లో అయితే ఆసుపత్రికి తీసుకురావాలి. సాంబ్రాణి పొగ మాత్రం వద్దు. ఆ ఊపిరితిత్తులు పొగను ఓర్చుకోలేవు.

పాలు

1990లో ఇంగ్లండ్‌లో 926 మంది నెలలు నిండని బిడ్డలను గమనించిన ఒక అధ్యయనం వచ్చింది. తల్లిపాలు మాత్రమే తాగిన వారి కంటే డబ్బాపాలు మాత్రమే తాగిన వారికి పేగు కుళ్లే జబ్బు 6 నుంచి 10 రెట్లు ఎక్కువగా వచ్చింది. ముందుగా కనిన తల్లి పాలలో మాంసకృత్తులు కూడా ఎక్కువే. పీల్చే శక్తి లేని బిడ్డకు పిండిన పాలు ట్యూబు ద్వారా, తరువాత ఉగ్గుగిన్నెతో పట్టాలి. మన నాయనమ్మల ఉగ్గుగిన్నె సీసా కంటే ఎంతో మేలు, కడగడం తేలిక. అందులో పోసేది మాత్రం తల్లిపాలే. తేనె, ఆముదం, వసకొమ్ము కాదు.

కళ్ల పరీక్ష మరువకండి

1940, 50 ప్రాంతాల్లో పాశ్చాత్య దేశాల్లో నెలలు నిండని బిడ్డలు వేల సంఖ్యలో గుడ్డివారయ్యారు. కారణం మితిమీరి ఇచ్చిన ఆక్సిజన్ అని పరిశోధనలో తేలింది. దాన్ని మరీ తగ్గిస్తే చావులు పెరిగాయి. అందుకే ఇప్పుడు కొలిచి ఇస్తాం. అయినా కంటి వెనుక పొరలో రక్తనాళాలు దారితప్పి పెరిగే ప్రమాదం ఉంటుంది. బయటికి కన్ను బాగానే కనిపిస్తుంది. 34 వారాల లోపు గానీ 2 కిలోల లోపు గానీ పుట్టిన ప్రతి బిడ్డకూ 30 రోజులు దాటకముందే కంటి డాక్టరు పరీక్ష జరగాలి. మరీ చిన్న బిడ్డలకు ఇంకా ముందే. జబ్బు కనిపిస్తే రెండు మూడు రోజుల్లో లేజర్ గానీ ఇంజక్షన్ గానీ ఇవ్వాలి. మూడో నెల పండగ అయ్యాక వస్తాం అంటే చూపు ఆగదు. డిశ్చార్జి కాగితం మీద ఆ తేదీ ఉంటుంది. లేకపోతే అడిగి రాయించుకోండి.

వయసు లెక్క

ఇంటికి వెళ్లాక పక్కింటి బిడ్డతో పోల్చి బెంగపడకండి. 32 వారాలకు పుట్టిన బిడ్డ 8 వారాలు ముందు వచ్చినట్టు. ఆరు నెలలప్పుడు ఆ బిడ్డ చేసే పనులను నాలుగు నెలల బిడ్డ పనులతో చూడాలి. రెండేళ్ల దాకా ఇలాగే లెక్క తీసివేసుకోవాలి. టీకాలకు మాత్రం ఈ తీసివేత లేదు. పుట్టిన తేదీ నుంచే లెక్కపెట్టి వేయించండి.