మూడో మనిషి ఎవరు? – చిన్న కాంట్రాక్టరూ, బాధ్యతా బీమా

బీమా అనగానే మనవైపు గుర్తుకొచ్చేవి రెండే. ఒకటి ఎల్.ఐ.సి., రెండోది పోలీసు ఆపుతాడేమోనని మోటారు సైకిలుకు కట్టేది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ – 2016 అక్టోబరు 11 దాకా ఇవన్నీ మహబూబ్‌నగర్ జిల్లాయే – ఈ మూడు జిల్లాల్లో మేస్త్రీ లేని ఊరు కనబడదు. ఆ మేస్త్రీకి అవసరమైంది మాత్రం ఇంకో రకం బీమా. దాన్ని బాధ్యతా బీమా, అనగా లయబిలిటీ ఇన్సూరెన్సు అంటారు. నా వస్తువు కాలితే నాకొచ్చే డబ్బు కాదది. నా పని వల్ల ఇంకొకరికి నష్టం జరిగి, చట్టప్రకారం నేను చెల్లించవలసి వచ్చిన సొమ్మును నా తరఫున కంపెనీ చెల్లించడం. దుకాణానికి అగ్ని బీమా వుంది కదా అని ధీమాగా వుండేవారు ఈ తేడా గమనించాలి.

తిరకాసంతా "థర్డ్ పార్టీ" అన్న మాటలో వుంది. పాలసీ తీసుకున్నవాడు మొదటి మనిషి, కంపెనీ రెండో మనిషి, మిగిలిన లోకం మూడో మనిషి అని నేను తరగతిలో చెప్పగానే, తండ్రి సెంట్రింగ్ పనులు చేయించే ఒక విద్యార్థి లేచి, "అయితే సార్, మా నాయిన దగ్గర కూలికొచ్చేటోళ్లు గూడ మూడో మనుషులే గదా?" అన్నాడు. కాదు. ప్రశ్న చాలా మంచిది, ఎందుకంటే ఈ ఒక్క విషయం తెలియకనే సంసారాలు కూలిపోతున్నాయి.

వనపర్తిలో ఒక వీధిలో ఇల్లు కడుతున్నారనుకోండి. పునాది తవ్వుతుంటే పక్కింటి గోడ బీటలు వారింది. అంతస్తు లేచాక పరంజా మీది నుంచి ఇటుక జారి దారిన పోయే పెద్దమనిషి భుజం మీద పడింది. స్లాబు వేసేనాడు కింది కర్రలు జారి ఒక కూలీ కిందపడి చనిపోయాడు. మూడూ ఒకే ఇంటి దగ్గర, ఒకే కాంట్రాక్టరు చేతికింద జరిగినవే గాని, మూడింటికీ దారులు వేరు.

భుజం విరిగిన పెద్దమనిషి అచ్చమైన మూడో మనిషి. పబ్లిక్ లయబిలిటీ పాలసీ గాని, నిర్మాణ పనులకిచ్చే కాంట్రాక్టర్స్ ఆల్ రిస్క్ పాలసీలోని రెండో భాగం గాని ఆయన కోసమే. పక్కింటాయనా మూడో మనిషే. కాని ఆల్ రిస్క్ పాలసీని తిరగేసి చూడండి. అదురు వల్ల గాని, నేల ఆసరా తొలగడం వల్ల గాని పక్క కట్టడానికి కలిగిన నష్టం ఆ రెండో భాగం కిందికి రాదు, ప్రత్యేకంగా అడిగి చేర్పించుకుంటే తప్ప. ఇరుకు వీధుల్లో గోడకు గోడ ఆనించి కట్టే మన ఊళ్లలో ఎక్కువగా వచ్చే తగాదా అదే! "ఆల్ రిస్క్" అన్న పేరు చూసి మోసపోకూడదు.

ఇక కూలీ. ఆయన పాలసీదారుడి పనిమనిషి కనుక ఈ రెండు పాలసీల్లోనూ ఆయనకు చోటు లేదు. ఆయన కోసం వేరే పాలసీ వుంది. చాలాకాలం దాన్ని వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ పాలసీ అన్నారు. ఇలా విడదీయడం కంపెనీల తెలివి మాత్రమే కాదు, దాని వెనుక చట్టం వుంది. దారిన పోయేవాడు కాంట్రాక్టరు అజాగ్రత్తను రుజువు చేయాలి. కూలీ ఆ పని చేయనక్కరలేదు. పని చేస్తుండగా, పని కారణంగా ప్రమాదం జరిగితే చాలు, యజమాని ఇవ్వాలి. ఈ సూత్రం జర్మనీలో 1884లో, ఇంగ్లండులో 1897లో చట్టమై, మనకు 1923 వర్క్‌మెన్స్ కాంపెన్సేషన్ చట్టంగా వచ్చింది. 2010లో దాని పేరు ఉద్యోగుల పరిహార చట్టమైంది. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా కోడ్ అమలులోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. చట్టం పేరు మారినా ఎముకల గూడు పాతదే. ఇ.ఎస్.ఐ. వర్తించే కార్మికుడి సంగతి మాత్రం వేరు, ఆయన పరిహారం ఆ సంస్థ నుంచే వస్తుంది.

"వాడు తాగి పనికొచ్చిండు, నాకేం సంబంధం?" అన్న మాట తరచు వింటాం. చిన్న దెబ్బలకు ఆ వాదన నిలవవచ్చు. మనిషి చనిపోయినా, శాశ్వతంగా పూర్తిగా పనికిరాకుండా పోయినా 1923 చట్టం ఆ వాదనను ఒప్పుకోలేదు.

సొమ్ము ఎంత? పాత చట్టం లెక్క చెబుతాను. చనిపోయిన మనిషి నెల వేతనంలో సగాన్ని, వయసును బట్టి ఇచ్చిన గుణకంతో హెచ్చవేయాలి. 30 ఏళ్ల వయసుకు గుణకం 207.98. లెక్కలోకి తీసుకునే గరిష్ఠ వేతనం 2020 జనవరి 3 నుంచి 15,000 రూపాయలు. సగం 7,500. హెచ్చవేస్తే 15,59,850 రూపాయలు. నెల లోపల ఇవ్వకపోతే 12 శాతం వడ్డీ, తగిన కారణం లేకుండా ఆపితే పరిహారంలో సగం దాకా జరిమానా. ఒక చిన్న మేస్త్రీ ఇల్లు, చెలక కలిపి అమ్మినా ఆ సొమ్ము పుడుతుందా? విచిత్రమేమిటంటే, మోటారు బండికి థర్డ్ పార్టీ బీమాను 1939 చట్టమే తప్పనిసరి చేసింది. కూలీకి పరిహారం తప్పనిసరి చేసిన 1923 చట్టం, ఆ పరిహారానికి బీమా తప్పనిసరి చేయలేదు. నా దృష్టిలో అది పెద్ద లోటే.

అందుకే ఊళ్లో జరిగేది ఇంకొకటి. శవం ఇంటికి రాగానే పెద్దమనుషులు కూర్చుంటారు. లక్షో రెండు లక్షలో మాట్లాడి, తెల్లకాగితం మీద "ఇక ఏ హక్కూ లేదు" అని భార్య వేలిముద్ర తీసుకుంటారు. ఆ డబ్బు అంత్యక్రియలకూ అప్పులకూ పోతుంది. ఈ కాగితం చట్టం ముందు చెల్లదని ఇరుపక్షాలకూ తెలియదు. హక్కు వదులుకునే ఒప్పందం చెల్లదని 1923 చట్టమే చెప్పింది. అంతేకాదు, మరణ పరిహారాన్ని కమిషనర్ దగ్గర జమ చేయాలి. మూడు నెలల వేతనం దాకా ఇచ్చే అడ్వాన్సును మినహాయిస్తే, నేరుగా చేతికిచ్చింది పరిహారం కిందికే రాదు. అంటే పంచాయితీలో డబ్బు ఇచ్చిన మేస్త్రీ బాధ్యత తీరలేదు, పుచ్చుకున్న కుటుంబం హక్కు పోలేదు.

కూలీకి యజమాని మేస్త్రీయా, పని ఇచ్చిన పెద్ద కాంట్రాక్టరా? చట్టం ఇక్కడ తెలివిగా కట్టింది. తన వ్యాపారంలో భాగమైన పనిని కాంట్రాక్టరుకు అప్పగించినవాడు కూడా ఆ కూలీకి పరిహారం ఇవ్వవలసిందే. ఇచ్చి, తరువాత ఆ కాంట్రాక్టరు నుంచి రాబట్టుకోవచ్చు. కాబట్టి కింద వున్నవాడు ఎంత చిన్నవాడైనా బరువు చివరకు ఆయన వైపే జారుతుంది.

మన కళ్లముందు జరిగినవి రెండున్నాయి. 2020 ఆగస్టు 20 రాత్రి శ్రీశైలం ఎడమగట్టు జలవిద్యుత్ కేంద్రంలో మంటలు లేచి తొమ్మిదిమంది చనిపోయారు. వారిలో ఇద్దరు జెన్‌కో వారు కారు, బ్యాటరీల పని మీద వచ్చిన ప్రైవేటు కంపెనీ ఉద్యోగులు. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్.ఎల్.బి.సి. సొరంగం కప్పు కూలి ఎనిమిదిమంది లోపల చిక్కుకుపోయారు. జార్ఖండ్, ఉత్తరప్రదేశ్, పంజాబ్, జమ్మూకాశ్మీర్ నుంచి వచ్చినవాళ్లు. వారాల తరబడి వెదికితే దొరికినవి రెండు మృతదేహాలు. ఒక పని స్థలంలో ఎందరు యజమానుల మనుషులుంటారో, ఒక్కొక్కరి పరిహారం ఒక్కొక్క ఖాతాలో ఎలా వెదకాలో ఈ రెండూ చెబుతాయి. అంతదూరం వాళ్లు మన నేల కిందికి పనికొస్తే, మన పాలమూరు కూలీలు బొంబాయికీ పూనాకూ బెంగళూరుకూ పోతారు. దేశంలో ఆనకట్టలు కట్టిన చేతులని పాలమూరు లేబరుకు ఎప్పటినుంచో పేరు.

ఇక్కడే గుంపు మేస్త్రీ చూసుకోవలసిన సంగతి. పాలసీ షెడ్యూలులో పని జరిగే చోటు రాసి వుంటుంది. వనపర్తి పనికని తీసుకున్న పాలసీ పూనాలో పడిన మనిషిని కాపాడదు. కుటుంబానికి మాత్రం ఒక వెసులుబాటుంది. 1995 సవరణ తరువాత, ప్రమాదం జరిగిన ఊళ్లోనే కాక తాము నివసించే ప్రాంతపు కమిషనర్ దగ్గర కూడా దరఖాస్తు పెట్టుకోవచ్చు. బొంబాయిలో భర్త పోయిన అచ్చంపేట ఆడమనిషి కోర్టు కోసం బొంబాయి రైలెక్కనక్కరలేదు.

పాలసీ చేతికొచ్చాక ఏం చూడాలి? పబ్లిక్ లయబిలిటీ పాలసీలో రెండు అంకెలుంటాయి. ఒకటి ఒక్క ప్రమాదానికి హద్దు, రెండోది ఏడాది మొత్తానికి హద్దు. మొదట కొంత సొమ్ము మనమే భరించాలన్న షరతూ వుంటుంది. ఈ పాలసీలు మనదేశంలో ఎక్కువగా దావా వచ్చిన తేదీని చూస్తాయి. ఈ ఏడు ఇటుక పడి, వచ్చే ఏడు నోటీసు వస్తే, మధ్యలో పాలసీ తెగిపోయి వుండకూడదు. కూలీల పాలసీలో పరిహారం మీద వడ్డీ, జరిమానా వస్తాయో రావో చదవాలి. వాటిని మినహాయించే హక్కు కంపెనీకుందని సుప్రీంకోర్టు 2006లో చెప్పింది.

కూలీల పాలసీకి ప్రీమియం మనం చూపించిన మనుషుల సంఖ్య, కూలి మొత్తం మీద వేస్తారు. కొంత మిగులుతుందని ఇరవైమందిని పెట్టి ఎనిమిదిమందిని చూపించే అలవాటు మనవైపు వుంది. పడిపోయినవాడు ఆ ఎనిమిదిలో వాడా, పన్నెండులో వాడా అన్నదే కంపెనీ మొదటి ప్రశ్న అవుతుంది. జవాబు చెప్పవలసింది మస్టరు. చాలామంది మేస్త్రీలకు మస్టరంటే జేబులోని చిన్న డైరీయే. తప్పులేదు. అందులో రోజూ తేదీ, పేరు, కూలి రాసి, పక్కన సంతకమో వేలిముద్రో పెట్టిస్తే, కమిషనర్ దగ్గర అది మేస్త్రీకీ పనికొస్తుంది, కూలీ భార్యకూ పనికొస్తుంది.