ఇంటిల్లిపాదీ అడవి నడక : పోచారం లెక్క



హాస్టల్లో ఉన్నన్నాళ్లూ విహారయాత్ర అంటే మనకు ఒకటే తెలుసు. సార్లు బస్సు మాట్లాడేవారు, మనం ఎక్కి కూర్చునేవాళ్లం. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకొని మనమే బయలుదేరితే ఏమేమి చూసుకోవాలో ఏ తరగతిలోనూ చెప్పలేదు. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది మేమే మొదలు. పీజీలో చేరాక రెండుసార్లు ఇంటివాళ్లను పోచారం అభయారణ్యానికి తీసుకుపోయాం. మొదటిసారి చెడింది, రెండోసారి కుదిరింది. రెండింటికీ తేడా ఎక్కడ వచ్చిందో రాస్తున్నాం.

మన రాజంపేట వాళ్లకు పోచారం పరాయి చోటేమీ కాదు. కామారెడ్డి నుండి ఎల్లారెడ్డి, అక్కడి నుండి మెదక్ దారిలో నాగిరెడ్డిపేట మండలంలో ఉంటుంది. మంజీరకు ఉపనది అయిన ఆలేరు మీద నిజాం కాలంలో కట్టిన చెరువు 1922లో పూర్తయింది. దాని పేరే అడవికీ వచ్చింది. ఒకప్పుడు నిజాం వేటాడిన ఈ అడవిని 1952లో అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం సుమారు 130 చదరపు కిలోమీటర్లు. చిరుత, ఎలుగుబంటి, కణుజు, మనుబోతు, చుక్కల దుప్పి, కొండగొర్రె ఉన్నాయి. చలికాలంలో చెరువుకు తల మీద రెండు నల్లచారలుండే బార్ హెడెడ్ గూస్ అనే బాతులు వస్తాయి. అవి హిమాలయాలు దాటి వచ్చే పక్షులు.

మేము ఈ మాట ఎత్తగానే అమ్మ అడిగింది : "పని లేకుంట అడివికెవలు పోతరు బిడ్డా? కట్టెలకా, ఆకుకా?" అమ్మ అన్నదాంట్లో తప్పులేదు. ఎండాకాలం తునికాకు కోసి, 50 ఆకులకు ఒక కట్ట చొప్పున కట్టిన చేతులు అవి. అడవికి పోవడమంటే పొద్దున ఖాళీ చేతులతో పోయి, మధ్యాహ్నం నెత్తిమీద బరువుతో రావడం. చూడడానికి పోవడమనేది ఆమె లెక్కలో లేదు. మనలో చాలామంది ఇళ్లలో ఇదే మాట వస్తుంది. ముందుగా ఒప్పించవలసింది అమ్మలనే.

మొదటిసారి సెలవులు దొరికాయని ఏప్రిల్ నెలాఖరులో పోయాం. చేరేసరికి పదకొండు దాటింది. ఐదుగురికి ఒకటే రెండు లీటర్ల సీసా. తమ్ముడి హవాయి చెప్పు తెగింది. గేటు దగ్గర అమ్మ సంచిలో కొడవలి బయటపడింది. అలవాటు కొద్దీ పెట్టుకున్నది. అక్కడి ఉద్యోగి మర్యాదగానే వద్దన్నాడు, అమ్మ మాత్రం దొంగతనం చేసి దొరికినట్లు తల దించుకుంది. అరగంట నీడన కూర్చొని తిరిగి వచ్చేశాం. ఆ రోజు తప్పు అమ్మది కాదు, చదువుకున్న మాదే. ఆ నియమం ముందే తెలుసుకొని ఆమెకు చెప్పవలసింది మేము.

నియమం ఇది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యం గుండా పోయే రహదారి మీద ఎవరైనా పోవచ్చు. రోడ్డు దిగి లోపలికి పోవాలంటే అనుమతి కావాలి. 31వ సెక్షన్ ప్రకారం ఆయుధంతో పోకూడదు. చట్టం చెప్పే ఆయుధాల్లో తుపాకీతో పాటు కత్తి, వల, ఉచ్చు కూడా ఉన్నాయి. 30వ సెక్షన్ నిప్పు పెట్టడాన్ని నిషేధిస్తుంది, కాబట్టి అక్కడ వంట పెట్టుకోవడమూ వద్దు, బీడీ కాల్చి పారేయడమూ వద్దు. లోపలి నుండి ఎండుపుల్ల కూడా తేకూడదు. ఏ బాటలో నడవనిస్తారో, టికెట్టు ఎంతో ఫారెస్టు వాళ్లను ముందే అడగాలి. అడగడానికి మనకు మొహమాటం ఎక్కువ. అది ప్రభుత్వ అడవి, అడగడం మన హక్కు.

ఇక అసలు లెక్క. నడకను బలమైనవాడి కాళ్లతో కాదు, నెమ్మదైనవాళ్ల కాళ్లతో కొలవాలి. రెండోసారి పోయే ముందు వారం మా నాయనమ్మను ఊళ్లో కిలోమీటరు రాయి నుండి రాయికి నడిపించి చూశాం. అరగంట పట్టింది. అంటే గంటకు 2 కిలోమీటర్లు. ఉదయం ఏడున్నరకు మొదలుపెట్టి పదిన్నరకు తిరిగి రావాలి అనుకుంటే చేతిలో 3 గంటలు. కూర్చోవడానికి, చూడడానికి ఒక గంట తీసేస్తే నడక 2 గంటలు, దూరం 4 కిలోమీటర్లు. పోను రెండు, రాను రెండు. అయితే వచ్చేటప్పుడు కాళ్లు అలసిపోయి ఉంటాయి కనుక తొమ్మిదికి కాక 8:45కే వెనక్కి తిరగాలని పెట్టుకున్నాం. ఎక్కడ ఉన్నా సరే, గడియారం చెప్పగానే తిరగాలి.

నీళ్లు మనిషికి గంటకు అరలీటరు. ఐదుగురికి 3 గంటలకు ఏడున్నర లీటర్లు. అంటే ఏడున్నర కిలోల బరువు. నాయన 3, మేము రెండున్నర, అమ్మ ఒకటిన్నర, తమ్ముడు అర. నాయనమ్మకు చేతికర్ర ఒక్కటే. ఈ పంపకం ఇంట్లోనే చేసుకోవాలి. లేకపోతే సంచులన్నీ దానంతటదే అమ్మ నెత్తిమీదికి పోతాయి.

నడిచేటప్పుడు పిల్లలు పెద్దవాళ్ల నడుమ ఉండాలి. అందరికీ కాలు మూసే చెప్పులో బూట్లో ఉండాలి. తెల్లారకముందు, పొద్దుగూకే వేళ లోపల ఉండకూడదు, ఎలుగుబంటి తిరిగే సమయాలవి. మామూలుగా మాట్లాడుతూ నడిస్తే అదే పక్కకు తప్పుకుంటుంది. పెద్ద తేనెపట్టు కనబడితే రాయి వేయకూడదు (తమ్ముళ్లూ, ఇది మీకే). వానాకాలం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. 2025 ఆగస్టు చివరి వానలు మనమెవరం మరువలేదు. మన మండలంలోని ఆర్గొండలో ఒక్కరోజులో 40 సెంటీమీటర్లకు పైగా పడింది. 70 వేల క్యూసెక్కులకు కట్టిన పోచారం మీద అంతకు రెండింతలు మించిన వరద పోయింది. కట్ట నిలబడింది గానీ దాని కిందనున్న దారులు దెబ్బతిన్నాయి. ఏ కాలమైనా బయలుదేరే ముందు దారి సంగతి కనుక్కోండి.

రెండోసారి డిసెంబరులో పోయాం. ముందురోజు రాత్రి ఎల్లారెడ్డిలో మేనత్త ఇంట్లో పడుకొని, తెల్లారి ఆటోలో చేరాం. జొన్నరొట్టె సద్ది కట్టుకున్నాం. ఈసారి సంచిలో కొడవలి లేదు. బాట పక్కన ఎండుకట్టె కనబడ్డప్పుడల్లా అమ్మ చేయి అటు పోయేది, మళ్లీ వెనక్కి తీసుకునేది. కాసేపటికి ఆ చేతులను ఏం చేయాలో తెలియక కొంగు పట్టుకొని నడిచింది. చెట్లను మాకంటే ముందే దూరం నుండే గుర్తుపట్టింది. నల్లమద్ది, తునికి, ఇప్ప, ఏది ఏ నెలలో పూస్తుందో తమ్ముడికి చెప్పింది. మేము వృక్షశాస్త్రంలో డయోస్పైరోస్ మెలనాక్సిలాన్ అని ఎండిన ఆకు మీద చదివింది ఆ తునికి చెట్టునే.

8:45 అయింది. ఆగమన్నాం. ముందు ఒక మలుపు ఉంది, దాని అవతల ఏముందో కనబడటం లేదు.

"గింతేనా? గా మల్పు దాంక పోదాం" అంది అమ్మ.

నాయనమ్మ అప్పటికే రాయి మీద కూర్చొని మోకాళ్లు రుద్దుకుంటోంది. లెక్క ప్రకారం వెనక్కే తిరిగాం. ఇంటికి వచ్చినప్పటి నుండి అమ్మ ఆ మలుపు సంగతే అడుగుతోంది. సంక్రాంతి సెలవుల్లో నాయనమ్మను మేనత్త దగ్గర ఉంచి, అమ్మను తీసుకొని మళ్లీ పోతున్నాం. ఈసారి తిరిగే సమయం తొమ్మిదింపావు.