కట్టక ముందే ఆలోచన



అమెరికా దేశములోని జార్జియా రాష్ట్రమున కమ్మింగ్ అను పట్టణము కలదు. అది అట్లాంటా మహానగరమునకు ఉత్తరమున ఉన్నది. ఫోర్సైత్ కౌంటీకి అదియే ముఖ్యపట్టణము. ఈ కాలమున అక్కడ ఎన్నో తెలుగు కుటుంబములు స్థిరపడినవి. ఆ కౌంటీలోనే సెట్టెన్‌డౌన్ అను వాగుపై ఒక పాత కొయ్య వంతెన ఉన్నది. దాని పేరు పూల్స్ మిల్ వంతెన. 1901లో కట్టిన ఆ వంతెన పొడవు 96 అడుగులు. వంతెన ఇల్లు కాదు. అయినను మంచి కట్టడమునకు కావలసిన మొదటి రెండు నియమములు దానివద్ద చక్కగా తెలియును. కావున మన పాఠమును అక్కడినుండి ప్రారంభింతము.

1. కొలత ముందు, కోత తరువాత

ఆ వంతెన ప్రక్కలు చూచుటకు తడికవలె ఉండును. ఏటవాలు బల్లలను ఒకదానిపై ఒకటి అడ్డముగా పేర్చి, అవి కలిసిన ప్రతిచోట రంధ్రము తొలిచి, కొయ్య చీలలు బిగింతురు. ఇథియల్ టౌన్ అను అమెరికా శిల్పి ఈ పద్ధతికి 1820లో పేటెంటు పొందినాడు. ఇందులో పెద్ద పెద్ద దూలములు అక్కరలేదు. చిన్న బల్లలే బరువును తమలో తాము పంచుకొని నిలుచును.

పని మొదట ఒప్పుకొన్న మేస్త్రి బల్లలు కోయించి రంధ్రములు తొలిపించినాడు. కాని కొలతలు తప్పినవి. ఒక బల్ల రంధ్రమునకు మరొక బల్ల రంధ్రము కలియలేదు. అతడు పని వదలి వెళ్ళినాడు. తరువాత బడ్ జెంట్రీ అను మరొక మేస్త్రి సరియైన చోట్ల కొత్త రంధ్రములు తొలిచి వంతెనను పూర్తి చేసినాడు. చీలలు లేని ఆ పాత రంధ్రములు నేటికిని బల్లలపై కనబడుచున్నవి.

కాగితముపై గీసిన గీతను రబ్బరుతో చెరపవచ్చును. కొయ్యలో తొలిచిన రంధ్రమును చెరపలేము. అందుచేతనే కట్టుటకు ముందు ప్లాను గీయుదురు. గది పొడవెంత, వెడల్పెంత, తలుపు ఏ వైపు తెరచుకొనును, మంచము వేసిన పిమ్మట నడచుటకు చోటు మిగులునా అను ప్రశ్నలన్నియు కాగితముమీదనే తేలవలెను.

2. నీటికి దారి చూపుట

ఆ వంతెనకు పైకప్పు కలదు. బాటసారులు తడవకుండుటకే కప్పు వేసిరని తోచవచ్చును. అసలు కారణము వేరు. కొయ్య వాననీటిలో నాని, ఎండి, మరల నానినచో త్వరగా కుళ్ళిపోవును. పైన కప్పు ఉన్నచో లోపలి బల్లలు పొడిగా ఉండును. ఈ కాపుదల వలన కొయ్య కట్టడము కూడ చాల కాలము నిలుచును.

ఇంటికిని ఇదే నియమము. నీరు ఎక్కడ పడును, ఎటు పారును, ఎక్కడ నిలుచును అని ముందే చూడవలెను. కప్పు ఏటవాలుగా ఉండవలెను. చూరు గోడను దాటి ముందుకు రావలెను. ఇంటి చుట్టు నేల బయటికి వాలి ఉండవలెను. కమ్మింగ్ ప్రాంతపు నేల ఎర్రని బంకమన్ను. దానిలో నీరు త్వరగా ఇంకదు. కావున పునాది వద్దకు నీరు చేరకుండ కాలువ తీసి దూరముగా పంపుట అక్కడ చాల అవసరము.

గోదావరి జిల్లాల మండువా లోగిలిలో ఇదే నియమము మరొక రూపమున కనబడును. ఆ ఇంటి నడుమ ఆకాశము కనబడు ఖాళీ చోటు ఉండును. నాలుగు వైపుల పెంకుటిండ్ల కప్పులు దానివైపునకు వాలి ఉండును. వాన నీరు ఆ నడిమి చోట పడి, కాలువగుండ బయటికి పోవును. అదే దారిన వెలుతురు లోనికి వచ్చును, వేడిగాలి పైకి పోవును. ఒక్క ఖాళీ చోటు మూడు పనులు చేయుచున్నది.

3. సూర్యుని చూచి గోడ పెట్టుట

కమ్మింగ్ భూమధ్యరేఖకు ఉత్తరమున సుమారు 34 డిగ్రీల అక్షాంశమున ఉన్నది. అచ్చట సూర్యుడు మధ్యాహ్నము వేళ ఎల్లప్పుడును దక్షిణ దిక్కుననే ఉండును. జూన్ మాసమున సుమారు 79 డిగ్రీల ఎత్తున, డిసెంబరులో సుమారు 32 డిగ్రీల ఎత్తున మాత్రమే కనబడును.

దక్షిణపు గోడపై రెండడుగుల చూరు ఉన్నదనుకొనుడు. జూన్ నెల మధ్యాహ్నమున దాని నీడ గోడపై పదడుగుల క్రిందివరకు పడును. కిటికీ అంతయు నీడలో ఉండును. డిసెంబరులో ఆ చూరు నీడ సుమారు అడుగుంబావు మాత్రమే పడును. ఎండ కిటికీగుండ గదిలోనికి వచ్చి చలిని తగ్గించును. ఏ యంత్రమును లేకుండ రెండడుగుల చూరు వేసవిలో గొడుగుగను, చలికాలములో కుంపటికి తోడుగను పనిచేయుచున్నది!

అయితే ఆ ఇంటి ప్లానును అట్లే తెచ్చి మన మలేసియాలో కట్టవచ్చునా? కట్టరాదు. మనము భూమధ్యరేఖకు చాల దగ్గర ఉన్నాము. మధ్యాహ్న సూర్యుడు ఏడాది పొడవున దాదాపు నడినెత్తిన ఉండి, జూన్‌లో కొంచెము ఉత్తరమునకు, డిసెంబరులో కొంచెము దక్షిణమునకు జరుగును. మన గోడలను కాల్చునది ప్రొద్దుటి ఎండ, సాయంకాలపు ఎండ. కావున ఇచ్చట పొడుగు గోడలు ఉత్తర దక్షిణములకును, పొట్టి గోడలు తూర్పు పడమరలకును ఉండుట మేలు. చలికి కట్టిన ఇంటిలో వెచ్చదనమును దాచవలెను. వేడికి కట్టిన ఇంటిలో గాలిని ఆడనీయవలెను. నియమము ఒక్కటే, రూపము మారును.

4. గాలికి రెండు ద్వారములు

గాలి లోనికి వచ్చుటకు ఒక దారి చాలదు. బయటికి పోవుటకు ఎదుటి ప్రక్క మరొక దారి కావలెను. ఒకే గోడకు రెండు కిటికీలు పెట్టుటకంటె, ఎదురెదురు గోడలకు ఒక్కొక్కటి పెట్టుట ఎక్కువ ఫలము నిచ్చును. వంటగదిలో ఈ నియమము మరింత ముఖ్యము. పోపు వేసినప్పుడు పొగ పోవుటకు పైన దారి లేనిచో, అది ఇల్లంతయు నిండును.

గాలి మితిమీరినచో అదే శత్రువగును. ఉత్తరాంధ్ర తీరమున తుపానులు తరచుగా వచ్చును. అచ్చటి పల్లెలలో పూర్వము చుట్టిళ్ళు కట్టెడివారు. గుండ్రని మట్టిగోడ, దానిపై గోపురమువంటి తాటాకు కప్పు, నేలకు దగ్గరగా దిగిన చూరు. గుండ్రని గోడను గాలి ఎదురుగా నెట్టలేదు, చుట్టు తిరిగి జారిపోవును. చదువుకొన్న ఇంజనీరు ఎవరును వారికి ప్లాను గీసి ఇయ్యలేదు. తరతరములుగా గాలిని చూచి వారు నేర్చుకొన్న విద్య అది.

5. ఉండువారిని అడుగుట

మన పెద్దలలో అనేకులు విశాఖపట్టణము, శ్రీకాకుళము ప్రాంతములనుండియే మలయా తోటలకు వచ్చినారు. దిగువ పేరాక్‌లోని బాగాన్ దాతో కొబ్బరి తోటలలో తెలుగువారు ఎక్కువగా పనిచేసినారు. చుట్టిళ్ళ సీమనుండి వచ్చినవారికి తోటలో దొరికినది లైను ఇల్లు. పొడుగైన ఒకే కప్పు క్రింద వరుసగా గదులు. కుటుంబము ఎంత పెద్దదైనను చాల చోట్ల ఒక్కటే గది. కొన్ని తోటలలో రెండు వరుసల గదులకు వెనుక గోడ ఒక్కటే. అట్టి గదికి వెనుక కిటికీ ఎట్లు పెట్టగలరు? గాలి వచ్చిన దారినే తిరిగి పోవలెను. ఒక గదిలో దగ్గు, జ్వరము వచ్చినచో ప్రక్క గదికి వ్యాపించుట తేలిక.

ఆ ఇళ్ళకు కూడ ఎవరో ప్లాను గీసినారు, కొలత వేసినారు. కాని ఇచ్చట ఎందరు నిద్రింతురు, వంట ఎక్కడ చేయుదురు, బాలింత ఎక్కడ పడుకొనును, పిల్లవాడు ఎక్కడ చదువుకొనును అని ఉండువారిని అడుగలేదు. ఎంత తక్కువ ఖర్చుతో ఎందరిని ఉంచవచ్చును అనునదే లెక్క. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత కార్మికుల ఇళ్ళకు కనీస ప్రమాణములు ఏర్పరచుచు 1966లో ఒక చట్టము, దాని స్థానమున 1990లో మరొక చట్టము వచ్చినవి. ఇల్లు ఎట్లుండవలెనో యజమాని ఇష్టమునకే విడువరాదని ఆ చట్టముల సారాంశము.

అందుచేత ఐదవ నియమము అన్నిటికంటె పెద్దది. కొలత సరిపోయినను, కప్పు కారకున్నను, ఉండువారి అవసరము తీర్చని ఇల్లు మంచి ఇల్లు కాదు. నడువలేని అవ్వ ఉన్న ఇంట మెట్లకు బదులు వాలుబాట కావలెను. పొట్టివారు వండు ఇంట వంట గట్టు ఎత్తు తగ్గవలెను. మీరు పెద్దవారై ఇంజనీరులు, మేస్త్రీలు, ఇంటి యజమానులు ఎవరైనను కండి, పెన్సిలు పట్టకముందు “ఇచ్చట ఎవరు ఉందురు?” అని అడుగుడు.

రెండు వేల సంవత్సరములకు పూర్వము విట్రూవియస్ అను రోమను శిల్పి కట్టడమునకు మూడు గుణములు చెప్పినాడు: దృఢత్వము, ఉపయోగము, అందము. మొదటి రెండు చక్కగా కుదిరినచో మూడవది చాలవరకు తానే వచ్చును. మండువా ఇంటిని, చుట్టింటిని చూచినవారికి ఈ మాట తెలియును.

కొత్త పదములు

చూరు – గోడను దాటి వచ్చిన కప్పు అంచు
చీల – రంధ్రములో బిగించు కొయ్య ముక్క
లోగిలి – ఆవరణతో కూడిన ఇల్లు
బాలింత – క్రొత్తగా ప్రసవించిన తల్లి
తడిక – బద్దలతోనో ఆకులతోనో అల్లిన అడ్డు

అభ్యాసము

1. పూల్స్ మిల్ వంతెన బల్లలపై ఖాళీ రంధ్రములు ఎందుకు ఉన్నవి?
2. కమ్మింగ్‌లోని ఇంటి ప్లాను మన ఊరికి ఎందుకు సరిపడదు? రెండు కారణములు వ్రాయుడు.
3. మీ తరగతి గదిని టేపుతో కొలిచి, ఒక మీటరుకు ఒక సెంటీమీటరు చొప్పున గళ్ళ కాగితముపై ప్లాను గీయుడు. తలుపులు, కిటికీలు గుర్తింపుడు.
4. కిటికీవద్ద సన్నని కాగితపు ముక్క వ్రేలాడదీసి, గాలి ఎటునుండి వచ్చి ఎటు పోవుచున్నదో గమనింపుడు.
5. మీ ఇంటిలోని పెద్దలలో ఒకరిని “ఈ ఇంటిలో మీకు ఏది కష్టముగా ఉన్నది?” అని అడిగి, వారి జవాబును ఐదు వాక్యములలో వ్రాయుడు. దానిని మార్చుటకు ఒక ఉపాయము బొమ్మగా గీసి తెండు.