తూటా తగిలాక చూడండి

సెలవులిచ్చారంటే కాకుమానులోనైనా, బాపట్లలోనైనా పిల్లలు కొత్త గేమ్ ఎక్కించుకుంటామని అడుగుతారు. అది వేట గేమైతే, ముందు ఏ గేమో కచ్చితంగా కనుక్కోండి. ఫోన్లో ఉచితంగా దొరికే జింకల కాల్పుల ఆటలు ఒక రకం. వాటిలో నిమిషానికో జంతువు ఎదురొస్తుంది, కాల్చడమే పని. కంప్యూటర్ మీదో ప్లేస్టేషన్ మీదో ఆడే ‘ది హంటర్: కాల్ ఆఫ్ ద వైల్డ్’ (2017) లాంటివి ఇంకో రకం. గాలి వాలు చూసుకోవాలి, అడుగుజాడలు పట్టుకోవాలి, చప్పుడు చేయకుండా మాటు వేయాలి. ఎంతసేపు తిరిగినా ఒక్క తూటా పేల్చే అవకాశం రాకపోవచ్చు.

తర్వాత వయసు అంకె. ప్లే స్టోర్‌లో 12+, 16+ అని కనిపించేది ఆట తయారుచేసినవాళ్లు ఒక ప్రశ్నావళికి ఇచ్చిన జవాబులను బట్టి పడిన అంకె. మీవాడి వయసు అంతకన్నా తక్కువైతే అక్కడితో ఆపేయండి. ఎక్కువైతే పరీక్ష మొదలైందన్నమాట.

పిల్లలు పడుకున్నాక మీరే ఆడండి. చేతకాకపోతే ఎవరైనా ఆడిన వీడియో యూట్యూబ్‌లో చివరిదాకా చూడండి. తూటా తగిలాక ఏం జరుగుతుందన్నదే గమనించాల్సింది. చవకబారు ఆటలో జంతువు కూలుతుంది, పాయింట్లు పెరుగుతాయి, ఇంకోటి వస్తుంది. కాల్ ఆఫ్ ద వైల్డ్‌లో గురి తప్పితే దెబ్బతిన్న జంతువు పారిపోతుంది. నెత్తుటి మరకలు పట్టుకుని దాని వెనకే వెతుక్కుంటూ పోవాలి. దొరికాక తూటా గుండెలో దిగిందో, ఊపిరితిత్తుల్లో దిగిందో తెర మీద చూపిస్తారు. తన దెబ్బకు ఒక ప్రాణి ఏమైందో దాచకుండా చూపే ఆటే, నా దృష్టిలో, నెత్తురు చుక్క కనపడని కాల్పుల ఆట కంటే నిజాయతీ గలది. అలాగని అవయవాలు కనిపించే ఆ తెర పదేళ్లవాళ్లకు వద్దు. పద్నాలుగు పదిహేనేళ్లవాళ్లతోనైనా మొదట్లో పక్కన కూర్చోండి.

కూర్చున్నప్పుడు మన ఊరి సంగతులు మాట్లాడండి. మన పిల్లలకు వేట తెలియనిదేం కాదు. వరిచేలలో ఎలుకలకు యానాదులు బుట్టలు పెట్టడం చూసే ఉంటారు. అది పంటను కాపాడే పని, ఒకరి కూలి. ఆటలో వేట కొమ్ముల కోసం, పతకం కోసం. ఆ తేడా పిల్లాడి నోటితోనే చెప్పించండి. కాల్ ఆఫ్ ద వైల్డ్‌కు తర్వాత సుందర్‌పటాన్ అనే నేపాల్ అడవిని జతచేశారు, అందులో పులినీ కృష్ణజింకనూ కాల్చవచ్చు. కృష్ణజింక మన రాష్ట్ర జంతువు. వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) కింద దాన్ని నిజంగా చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పొలంలో వాలిన కొంగను ఉండేలుతో కొట్టినా నేరమే. ఈ మాట తెలియకుండా ఆ అడవిలోకి పంపొద్దు.

డబ్బు సంగతి త్వరగా తేలిపోతుంది. కొత్త అడవులు, కొన్ని తుపాకులు విడిగా కొనాలి, కాబట్టి కొన్న ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. యూపీఐ పిన్ చెప్పకండి. నలుగురితో కలిసి ఆడే వీలుంటే, తెలిసినవాళ్లతోనే ఆడనివ్వండి.

ఒక వారం ఆడనిచ్చి మాటలు వినండి. జాడ ఎలా పట్టాడో, గాలి ఎటు మళ్లిందో చెబుతుంటే ఉంచొచ్చు. ఎన్ని చంపాడన్న లెక్క తప్ప ఇంకేమీ రాకపోతే తీసేసి, ఎందుకు తీసేశారో వాడికి చెప్పండి.